విధి నిర్వహణలో మరణించిన రక్షణ సిబ్బంది కుటుంబాలకు పరిహారం: ఎడపల్లి, నిజామాబాద్ ప్రాంతం

ప్రజల ప్రాణాలకు, ఆస్తులకు కాపలా కాసే ఉద్యోగి ఆ పనిలో ఉండగానే ప్రాణం పోగొట్టుకుంటే అతని ఇంటివారికి ప్రభుత్వం కొంత ఆదరువు కల్పిస్తుంది. ఎక్స్‌గ్రేషియా, నెలనెలా జీతం లేదా పింఛను, ఇంట్లో ఒకరికి ఉద్యోగం, ఇళ్ల స్థలం, పిల్లల చదువుకు సాయం ఇందులోకి వస్తాయి. పోలీసులు, హోంగార్డులు, అగ్నిమాపక, అటవీ సిబ్బంది, కేంద్ర సాయుధ బలగాల జవాన్లు, సైనికులు వేర్వేరు పద్దుల కింద దీనికి అర్హులు. ఆ పద్దులన్నింటినీ ఒకచోట చేర్చిన చట్టం మన దేశంలో లేదు. కొంత సర్వీసు నిబంధనల్లో, కొంత జీవోల్లో, కొంత శాఖల సంక్షేమ నిధుల్లో, మిగతాది ముఖ్యమంత్రులు సభల్లో చేసే ప్రకటనల్లో ఉంటుంది. అందుకే ఒకే తీరున చనిపోయిన ఇద్దరి కుటుంబాలకు ఒకే మొత్తం వస్తుందని ముందుగా చెప్పడం కష్టం.

ఎడపల్లి నిజామాబాద్ నగరానికీ బోధన్‌కూ నడుమ రోడ్డు మీదున్న మండల కేంద్రం. చుట్టూ వరి, చెరకు పండే ఊళ్లు, ఒక పక్క అలీసాగర్, ఇంకో పక్క జాన్కంపేట నరసింహస్వామి గుడి. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఈ తట్టున నెలజీతం వచ్చే కొలువులు మరీ తగ్గాయి. ఇంట్లో ఒక్కరికి పోలీసు కొలువో, ఆర్మీ కొలువో వస్తే అమ్మానాన్నల మందుల ఖర్చు, చెల్లెలి పెళ్లి, పొలం మీది అప్పు అన్నీ ఆ జీతం మీదే నడుస్తాయి. ఆ ఒక్కరూ పోతే ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది, ఎవరి చేతికి వస్తుంది అన్నవి ఆ ఇంటికి బతుకు ప్రశ్నలు.

నిజామాబాద్ ఘటన, 2025

ఈ ప్రాంతంలో అందరికీ గుర్తున్న ఉదాహరణ నిజామాబాద్ సెంట్రల్ క్రైమ్ స్టేషన్ (సీసీఎస్) కానిస్టేబుల్ ప్రమోద్ కుమార్‌ది. 2025 అక్టోబరు 17 రాత్రి ఆయన పాత నేరస్థుడైన ఒక నిందితుణ్ని పట్టుకుని బైకు మీద స్టేషనుకు తీసుకొస్తున్నారు. నగరంలోని వినాయక్‌నగర్ దగ్గర ఆ నిందితుడు కత్తితో ఆయన ఛాతీలో పొడిచాడు. ప్రమోద్ చనిపోయారు. పారిపోయిన నిందితుడు రెండు రోజుల్లో దొరికాడు. అక్టోబరు 20న నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో పోలీసు కాల్పుల్లో మరణించాడు. అతను కానిస్టేబుల్ దగ్గరి తుపాకీ లాక్కోబోయాడని పోలీసులు చెప్పారు.

ఆ మర్నాడే అక్టోబరు 21, పోలీసు అమరవీరుల సంస్మరణ దినోత్సవం. హైదరాబాద్ గోషామహల్‌లో జరిగిన కార్యక్రమంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రమోద్ కుటుంబానికి కోటి రూపాయల ఎక్స్‌గ్రేషియా, ఆయన రిటైరయ్యే తేదీ వరకు చివరి నెల జీతం, కుటుంబంలో ఒకరికి ప్రభుత్వోద్యోగం, 300 గజాల ఇంటి స్థలం ప్రకటించారు. వీటికి తోడు పోలీసు భద్రత పథకం నుంచి 16 లక్షలు, పోలీసు సంక్షేమ నిధి నుంచి 8 లక్షలు ఇస్తామన్నారు. నగదు మొత్తం కలిపితే 1 కోటి 24 లక్షలు.

ఈ కోటి రూపాయల లెక్క అప్పటికప్పుడు పుట్టింది కాదు. సరిగ్గా ఏడాది ముందు, 2024 అక్టోబరు 21న అదే వేదిక మీద ముఖ్యమంత్రి హోదాలవారీగా మొత్తాలు ప్రకటించారు. విధుల్లో అమరులైన కానిస్టేబుల్ నుంచి ఏఎస్ఐ వరకు కోటి, ఎస్ఐ, సీఐలకు కోటీ 25 లక్షలు, డీఎస్పీ, అదనపు ఎస్పీ స్థాయివారికి కోటిన్నర, ఎస్పీలకు, ఇతర ఐపీఎస్ అధికారులకు రెండు కోట్లు. ప్రాణానికి హోదా కట్టడమేమిటని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. జీతం, పింఛను ఎలాగూ హోదాను బట్టే వస్తాయి. ఎక్స్‌గ్రేషియా కూడా మళ్లీ హోదాను బట్టే ఉండాలనడానికి గట్టి కారణం కనిపించదు. కేంద్ర బలగాలకు ఈ తేడా లేదు. అక్కడ చావు ఎలా సంభవించిందన్నదే లెక్క, జవానుకైనా కమాండెంటుకైనా మొత్తం ఒకటే.

కోటి కంటే పెద్దది నెలజీతం

పత్రికల్లో పెద్దక్షరాల్లో వచ్చేది కోటి రూపాయలే. కానీ ఇంటి లెక్క వేసుకుంటే బరువైనది రెండోది, రిటైర్మెంటు వరకు జీతం. తెలంగాణలో పదవీ విరమణ వయసు 2021 నుంచి 61 ఏళ్లు. 35 ఏళ్ల కానిస్టేబుల్ చనిపోయాడనుకుందాం. ఇంకా 26 ఏళ్లు, అంటే 312 నెలలు. చివరి జీతం నెలకు 50 వేలు అనుకుంటే 1 కోటి 56 లక్షలవుతుంది. పెద్ద మొత్తం ఒకేసారి చేతికొస్తే బంధువుల అవసరాలు, ప్లాటు బేరాలు, చిట్టీలు, చేబదుళ్లు చుట్టుముడతాయి. నెలనెలా పడే జీతాన్ని అంత సులభంగా ఎవరూ ఎత్తుకుపోలేరు. పిల్లల ఫీజు కట్టే రోజున అది ఖాతాలో ఉంటుంది. ఈ ఏర్పాట్లన్నింటిలో మనసు పెట్టి ఆలోచించి చేసింది ఇదేననిపిస్తుంది.

మామూలుగా, అంటే అనారోగ్యంతోనో మరో కారణంతోనో సర్వీసులో చనిపోయిన ఉద్యోగి కుటుంబానికి ఈ జీతం రాదు. వచ్చేది కుటుంబ పింఛను. మొదటి ఏడేళ్లు చివరి మూలవేతనంలో సగం, ఆ తర్వాత 30 శాతం, దాని మీద కరువు భత్యం. ఏడేళ్లంటే రెండో తరగతి చదివే పిల్ల తొమ్మిదో తరగతికి వస్తుంది, పైచదువుల ఖర్చు మొదలయ్యే వేళకు పింఛను తగ్గుతుంది. గ్రాట్యుటీ గరిష్ఠంగా 16 లక్షలు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారు కంట్రిబ్యూటరీ పింఛను పథకం (సీపీఎస్)లో ఉన్నారు కాబట్టి వాళ్లు చనిపోతే కుటుంబానికి పాత తరహా పింఛను చాలాకాలం దక్కలేదు. 2021లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని సరిచేసింది. సర్వీసులో ఉండగా చనిపోయిన సీపీఎస్ ఉద్యోగి కుటుంబం కుటుంబ పింఛనును ఎంచుకోవచ్చు. ఇవాళ స్టేషన్లలో పనిచేసే కానిస్టేబుళ్లలో చాలామంది 2004 తర్వాత చేరినవారే. వాళ్ల ఇళ్లకు ఆ మార్పు ఎంత ఊరటో వేరే చెప్పనక్కర్లేదు.

భద్రత పథకం సొమ్ము సర్కారు ఖజానాది కాదని కూడా గుర్తుంచుకోవాలి. అది పోలీసుల జీతాల్లోంచి నెలనెలా కోసుకునే చందాలతో పెరిగిన నిధి. చనిపోయిన సహోద్యోగి ఇంటికి మిగతావాళ్లంతా తలా కొంత వేసినట్టే.

ఒకే తూటా, వేరు వేరు రిజిస్టర్లు

2015 ఏప్రిల్ 1 రాత్రి సూర్యాపేట బస్టాండులో బస్సులు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద దుండగులు కాల్పులు జరిపారు. కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేశ్ అక్కడే చనిపోయారు. మూడు రోజుల తర్వాత అదే ముఠాతో జానకీపురం దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో కానిస్టేబుల్ నాగరాజు మరణించారు. అక్కడే గాయపడ్డ ఎస్ఐ సిద్ధయ్య ఆసుపత్రిలో కన్నుమూశారు. బస్టాండులో చనిపోయిన ఇద్దరిదీ ఒకే డ్యూటీ, ఒకే చోటు, ఒకే గడియ. కానీ సర్వీసు లెక్కల్లో ఒకరు రెగ్యులర్ ఉద్యోగి, మరొకరు రోజుకూలి లెక్కన గౌరవ భత్యం తీసుకునే స్వచ్ఛంద సేవకుడు. హోంగార్డుకు సర్వీసు బుక్కు లేదు, ఉద్యోగి కుటుంబానికి వచ్చే పింఛనూ లేదు.

ఠాణాలకు వెళ్లి చూస్తే ఈ విభజన ఎంత పలుచనిదో తెలుస్తుంది. జాతర బందోబస్తుకు, రాత్రి పెట్రోలింగుకు, రోడ్డు మీద వాహనాలు ఆపడానికి హోంగార్డులు కానిస్టేబుళ్ల పక్కనే నిలబడతారు. జీపు నడిపేది కూడా చాలాచోట్ల హోంగార్డే. లారీ దూసుకొస్తే అది ముందుగా తాకేది చెయ్యెత్తి నిలబడ్డవాడిని. తెలంగాణలో 2024 డిసెంబరులో వాళ్ల రోజు భత్యాన్ని 921 రూపాయల నుంచి వెయ్యికి పెంచారు. సహజంగా చనిపోయినా, ప్రమాదంలో చనిపోయినా కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. అంతకుముందుతో పోలిస్తే ఇది మేలే. కానిస్టేబుల్‌కు ప్రకటించిన కోటితో పోలిస్తే ఇరవయ్యో వంతు.

అటవీ శాఖది ఇంకో తీరు. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో పోడు భూమి గొడవలో ఫారెస్ట్ రేంజ్ అధికారి చలమల శ్రీనివాసరావును నరికి చంపారు. ఆయన చేతిలో ఆయుధం లేదు. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ 50 లక్షల పరిహారం, రిటైర్మెంటు వయసు వరకు కుటుంబానికి జీతం, కారుణ్య నియామకం ప్రకటించారు. అంతకుముందు 2013 డిసెంబరులో శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగలు ఇద్దరు అటవీ అధికారులను కొట్టి చంపారు. 1991 నవంబరులో వీరప్పన్ చేతిలో హతమైన ఐఎఫ్ఎస్ అధికారి పి.శ్రీనివాస్ రాజమండ్రి బిడ్డ. ఆయనకు మరణానంతరం కీర్తి చక్ర దక్కింది. అడవిని కాచేవారి చావులు పోలీసు చావులకంటే తక్కువేమీ కాదు. అయినా వాళ్లకు వచ్చేది ఘటన జరిగాక ప్రకటించినదే అయింది.

ఇక ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు సిబ్బంది. 108 అంబులెన్సు నడిపే పైలట్, అందులోని టెక్నీషియన్ ప్రాణాలు కాపాడే పనిలోనే ఉన్నారు. కానీ వాళ్ల యజమాని సర్కారు కాదు, నిర్వహణ సంస్థ. ఇలాంటివారికి వర్తించేవి కార్మిక చట్టాలు. 2025 నవంబరులో సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయిన 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ప్రకారం నెలజీతంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చవేసేవారు. 35 ఏళ్లకు ఆ గుణకం 197.06. అసలు జీతం ఎంతున్నా లెక్కకు తీసుకునేది 15 వేల వరకే. 7,500ను 197.06తో హెచ్చవేస్తే 14,77,950 రూపాయలు. ఈఎస్ఐ పరిధిలో ఉంటే ఈ ఏకమొత్తానికి బదులు జీతంలో 90 శాతాన్ని నెలనెలా కుటుంబానికి పంచుతారు. భార్యకు ఆమె జీవితాంతం లేదా మళ్లీ పెళ్లి చేసుకునేదాకా, కొడుకుకు 25 ఏళ్లు వచ్చేదాకా, కూతురికి పెళ్లయ్యేదాకా. చిన్న వయసులో భర్త పోయిన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకుంటే కూడు పోతుందని భయపెట్టే నిబంధన ఇది. మార్చదగ్గది.

మురుగు కాలువల్లో, మ్యాన్‌హోళ్లలో దిగి చనిపోయే కార్మికులను ఎవరూ రక్షణ సిబ్బంది అనరు. ఊరి ఆరోగ్యం కాచేది వాళ్లే కాబట్టి ఇక్కడ ఒక్క మాట: 2014లో సుప్రీంకోర్టు వారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలకు పెంచింది. పోలీసుల విషయంలో ప్రకటనలు చేసిన పనిని వీరి విషయంలో కోర్టు చేయాల్సి వచ్చింది.

ఎలా చనిపోయారు?

డ్యూటీలో చనిపోవడం, డ్యూటీ వల్ల చనిపోవడం ఒకటి కావు. నిందితుడు పొడిస్తే, నక్సలైట్లు మందుపాతర పేలిస్తే సందేహం ఉండదు. రాత్రి బీటు ముగించుకుని వస్తూ చెరకు ట్రాక్టరును గుద్దుకుంటే? పండగ బందోబస్తులో మూడు రోజులు నిద్ర లేక గుండె ఆగితే? ఇక్కడే మొత్తాలు మారిపోతాయి.

కేంద్ర బలగాల విషయంలో ఇది స్పష్టంగా రాసి ఉంది. 2016 జనవరి 1 నుంచి వర్తిస్తున్న లెక్కల్లో విధుల్లో ప్రమాదం వల్ల గానీ, ఉగ్రవాదులు, సంఘవిద్రోహుల హింస వల్ల గానీ చనిపోతే 25 లక్షలు. సరిహద్దు ఘర్షణల్లో, తీవ్రవాదులపై చర్యల్లో అయితే 35 లక్షలు. యుద్ధంలో శత్రువు చేతిలో అయితే 45 లక్షలు. అంతకుముందు ఇవి 10, 15, 20 లక్షలుండేవి. ఎన్నికల విధుల్లో చనిపోయినవారికి కేంద్ర ఎన్నికల సంఘం లెక్క వేరు. మామూలుగా 15 లక్షలు, మందుపాతర, కాల్పుల వంటి హింస వల్ల అయితే 30 లక్షలు. పోలింగ్ కేంద్రంలో గుండెపోటుతో ఒరిగిపోయిన టీచరు కుటుంబం కూడా ఇందులోకి వస్తుంది.

గుండెపోటు సంగతి చిన్నది కాదు. వేళాపాళా లేని డ్యూటీలు, వారాంతపు సెలవు లేకపోవడం, తిండి తిప్పలు తప్పడం వంటివాటికి పోలీసుల ఒళ్లే సాక్ష్యం. అమెరికాలో 2003లో ప్రత్యేకంగా చట్టం చేసి, విధుల్లో ఒత్తిడి తర్వాత ఒక రోజులోపు వచ్చిన గుండెపోటును, పక్షవాతాన్ని విధి మరణంగానే చూడాలన్నారు. 2022లో మానసిక గాయంతో చేసుకున్న ఆత్మహత్యలను కూడా ఆ లెక్కలోకి తెచ్చారు. మన దగ్గర స్టేషన్లో గుండె ఆగి చనిపోయిన కానిస్టేబుల్ ఇల్లు చాలావరకు మామూలు కుటుంబ పింఛను వరుసలోనే నిలబడుతుంది.

వెనకటి సంగతులు

ఊరి కోసం, పశువుల మంద కోసం పోరాడి చచ్చినవాడి పేరిట వీరగల్లు నాటడం దక్కన్‌లో పాత ఆచారం. బోధన్ సీమను కూడా ఏలిన కన్నడ రాజవంశాల కాలంలో రాయితోపాటు భూమి కూడా ఇచ్చేవారు. చనిపోయిన వీరుడి కుటుంబానికి రాసిచ్చిన ఆ భూములు కన్నడ శాసనాల్లో నెత్తరుగొడగె పేరుతో కనిపిస్తాయి.

ఆధునిక కాలంలో ఈ విషయానికి తేదీ ఇచ్చింది 1959 అక్టోబరు 21. ఆ రోజు లడఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ వద్ద చైనా సేనల కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు. వారి జ్ఞాపకంగానే ఏటా అదే రోజు సంస్మరణ దినోత్సవం జరుగుతుంది. ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకం 2018లో ప్రారంభమైంది. అగ్నిమాపక సిబ్బందికి అలాంటి రోజు ఏప్రిల్ 14. 1944లో బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు 66 మంది ఫైర్‌మెన్ మంటల్లో పోయారు. అటవీ అమరుల దినం సెప్టెంబరు 11.

తెలుగునాట పరిహారాల సంగతి ప్రభుత్వం ముందుకు పదేపదే తెచ్చింది నక్సలైట్ ఉద్యమ కాలం. 1980ల నుంచి రెండు దశాబ్దాలపాటు నిజామాబాద్ జిల్లాలోని సిరికొండ, భీంగల్ అడవి పల్లెల్లో పీపుల్స్‌వార్ దళాలు తిరిగాయి. 1989లో నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు బలగంగా గ్రేహౌండ్స్ ఏర్పడింది. ఆ బలగానికి తగిలిన అతి పెద్ద దెబ్బ 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో. లాంచీ మీద మావోయిస్టులు దాడి చేస్తే 38 మంది మరణించారు, వారిలో అత్యధికులు గ్రేహౌండ్స్ జవాన్లే. ఆ ఘటనలో చనిపోయిన 33 మంది పోలీసుల కుటుంబాలకు గాజులరామారంలో 200 గజాల చొప్పున స్థలం కేటాయించినట్లు ముఖ్యమంత్రి చెప్పింది 2025 సంస్మరణ దినోత్సవంలో. మధ్యలో పదిహేడేళ్లు గడిచాయి. ఘటన నాటికి ఒడిలో ఉన్న బిడ్డ ఆ స్థలం మాట వినేసరికి ఇంటర్ చదివే వయసుకు వచ్చింది. ప్రమోద్ ఇంటికి స్థలం మాట నాలుగో రోజున వినిపించింది. అంత వేగం అందరికీ అందేలా రాసిపెట్టిన నిబంధనలేమీ లేవు. అవి ఉండాలన్నదే ఈ వ్యాసకర్త పట్టుదల.

అమెరికా చట్టం

పోల్చి చూడడానికి అమెరికా నమూనా పనికొస్తుంది. 1976లో అక్కడి పార్లమెంటు ప్రజా భద్రతా అధికారుల ప్రయోజనాల చట్టం చేసింది. విధుల్లో చనిపోయిన పోలీసు, ఫైర్‌మెన్ కుటుంబానికి కేంద్రం 50 వేల డాలర్లు ఇవ్వాలన్నారు. రాష్ట్రమేదైనా, ఊరేదైనా, హోదా ఏదైనా ఒకటే మొత్తం. జీతం పుచ్చుకోని స్వచ్ఛంద ఫైర్‌మెన్‌కూ అంతే. మన హోంగార్డు పరిస్థితి గుర్తుచేసుకుంటే ఈ చివరి మాట విలువ తెలుస్తుంది. 1988లో దాన్ని లక్ష డాలర్లు చేశారు. 2001 సెప్టెంబరు 11 దాడుల్లో వందలాది ఫైర్‌మెన్, పోలీసులు చనిపోయాక రెండున్నర లక్షలకు పెంచారు. ధరల పెరుగుదలను బట్టి ఏటా మొత్తం పెరుగుతుంది కాబట్టి ఇప్పుడది నాలుగు లక్షల డాలర్లు దాటింది. అక్కడ కూడా దరఖాస్తులు ఏళ్ల తరబడి తేలని సందర్భాలున్నాయి, విమర్శలున్నాయి. అయినా తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి, దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. ప్రకటన మీద అప్పీలు ఉండదు.

మన దేశంలో దీనికి కాస్త దగ్గరగా వచ్చింది 2017 ఏప్రిల్‌లో హోంశాఖ మొదలుపెట్టిన భారత్ కే వీర్. కేంద్ర బలగాల అమరుల కుటుంబాల ఖాతాల్లో పౌరులే నేరుగా డబ్బు వేయవచ్చు. ఒక కుటుంబానికి 15 లక్షలు దాటుతుంటే దాతకు ఆ సంగతి చెబుతారు, ఆయన విరాళం తగ్గించుకోవచ్చు లేదా మిగతాది మరో కుటుంబానికో ఉమ్మడి నిధికో మళ్లించవచ్చు. ఏ ఘటన టీవీలో ఎక్కువ కనిపిస్తే ఆ ఇంటికే విరాళాలన్నీ పోకుండా ఆ పరిమితి కాపాడుతుంది.

సైనికులు, ఇంట్లో వాటాలు

నిజామాబాద్ జిల్లా వేల్పూర్ మండలం కోమన్‌పల్లికి చెందిన జవాను ర్యాడ మహేశ్ 2020 నవంబరు 8న కశ్మీర్‌లోని మచిల్ సెక్టారులో చొరబాటుదారులతో పోరాడుతూ మరణించారు. కేంద్రం ఇచ్చే వాటికి అదనంగా రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. అదే ఏడాది జూన్ 15న గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు కుటుంబానికి 5 కోట్లు, భార్యకు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం, హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 711 గజాల స్థలం ఇచ్చింది. ఆయనతోపాటు చనిపోయిన 19 మంది ఇతర రాష్ట్రాల సైనికుల ఇళ్లకు 10 లక్షల చొప్పున ప్రకటించింది. సంతోష్‌బాబు త్యాగానికి ఇచ్చింది ఎక్కువని ఎవరూ అనరు. కోమన్‌పల్లి తల్లి కడుపుకోత పదోవంతు కాదు కదా అన్నదే బాధ.

సంతోష్‌బాబు విషయంలో ప్రభుత్వం చేసిన ఒక పని మాత్రం అందరికీ పాఠం. 5 కోట్లలో 4 కోట్లు భార్యకు, కోటి తల్లిదండ్రులకు విడివిడిగా ఇచ్చారు. పరిహారం వచ్చాక మన ఇళ్లలో మొదటి తగువు ఇక్కడే వస్తుంది. సర్వీసు బుక్కులో భార్య పేరు ఉంటుంది, పొలం అమ్మి చదివించిన తండ్రి పేరు ఉండదు. పెళ్లికి ముందు తల్లిని నామినీగా రాసి తర్వాత మార్చని కేసుల్లో ఇది తిరగబడి కోడలు కోర్టుకెక్కుతుంది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2024లో పోలీసు అమరుల సాయాన్ని భార్యకు, తల్లిదండ్రులకు చెరి సగం చేస్తామంది. సగమా, ఐదో వంతా అన్నది తేల్చుకోవచ్చు. వాటా ముందే రాసి ఉంటే శవం ఇంట్లో ఉండగా ఆ మాటలు రావు.

ఉద్యోగం, చదువులు

కారుణ్య నియామకాలకు ఇప్పటికీ మూలం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1977 అక్టోబరు 3న ఇచ్చిన జీవో 687. చనిపోయిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. వారసుడు మైనరైతే రెండేళ్లలోపు 18 నిండాలి. భార్య చదువుకోకపోతే, పెద్దబిడ్డకు పదేళ్లే ఉంటే ఈ గడువు ఆ ఇంటికి అక్కరకు రాదు. సుప్రీంకోర్టు 1994లో ఉమేశ్ కుమార్ నాగ్‌పాల్ కేసులో కారుణ్య ఉద్యోగం వారసత్వ హక్కు కాదనీ, కుటుంబాన్ని అప్పటి కష్టం నుంచి గట్టెక్కించే సాయమేననీ తేల్చింది. విధుల్లో చంపబడ్డవారి పిల్లలకు ఈ రెండేళ్ల గడువు పెట్టడం సరికాదు. పిల్లలు ఎదిగేదాకా ఉద్యోగాన్ని ఉంచి ఇవ్వడం వల్ల ఖజానాకు పడే బరువు ఏమంత ఉండదు.

చదువుల విషయంలో 2019 మే 31న కేంద్రం ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌ను నక్సల్, ఉగ్రవాద దాడుల్లో చనిపోయిన రాష్ట్ర పోలీసుల పిల్లలకూ వర్తింపజేసింది. అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000. తెలంగాణ వైద్య విద్య ప్రవేశాల్లో పోలీసు అమరుల పిల్లలకు విడిగా కొద్ది సీట్లున్నాయి.

కాగితాలు

ఒక మరణం విధి మరణమని రుజువు చేసేది ముందుగా స్టేషన్లోని జనరల్ డైరీ. ఎవరు ఎన్ని గంటలకు ఏ పనిమీద బయలుదేరారో అందులో రాస్తారు. వేరే ఊరికి పంపితే చేతికి డ్యూటీ పాస్‌పోర్టు ఇస్తారు. రాత్రి బీటు వెళ్లినవాళ్లు పాయింటు బుక్కుల్లో సంతకం పెడతారు. ఫోనొచ్చిందని రాయకుండా పరుగెత్తిన రాత్రి ఏదైనా జరిగితే, ఆ రాయని వరుస కోసం కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. అందుకే బయలుదేరే ముందు ఆ ఒక్క వరుస రాయించడం మీద పాత హెడ్ కానిస్టేబుళ్లకు అంత పట్టింపు.

తర్వాతివి ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం. పంచనామా 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద జరుగుతోంది. ఇంటివైపు నుంచి కావలసింది కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. ఎడపల్లిలో ఉండేవాళ్లయితే మీసేవలో దరఖాస్తు పెడితే అది మండల తహసీల్దార్ కార్యాలయానికి వెళుతుంది. విచారణ తర్వాత పత్రం చేతికొస్తుంది. ఆధార్‌లో ఒక పేరు, సర్వీసు బుక్కులో ఇంటిపేరు ముందున్న మరో పేరు, పిల్లల బడి రికార్డుల్లో ఇంకో స్పెల్లింగు ఉంటే పని అక్కడే ఆగుతుంది. సైనిక కుటుంబాలకు నిజామాబాద్‌లోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఈ పనుల్లో దారి చూపుతుంది. పోలీసు కుటుంబాలకు ఆ పని కమిషనరేటు కార్యాలయం సిబ్బంది చేస్తారు.

చాలా ఇళ్లలో తెలియకుండా పోయేది జీతం ఖాతాతో వచ్చే ప్రమాద బీమా. బ్యాంకులు ప్రభుత్వోద్యోగుల శాలరీ ప్యాకేజీ ఖాతాలకు లక్షల్లో బీమా ఇస్తాయి. అయితే ఆ ఖాతా ప్యాకేజీ కింద నమోదై ఉండాలి, క్లెయిము గడువులోగా పెట్టాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలోనే జీతం తీసుకుంటున్నవారు బ్యాంకుకు వెళ్లి ఒక దరఖాస్తు ఇస్తే అది మారుతుంది. ప్రభుత్వ జీవిత బీమా, గ్రాట్యుటీ, పీఎఫ్ లేదా సీపీఎస్, బ్యాంకు ఖాతా, ఒక్కొక్కదానికీ నామినీ ఫారం వేరు. పెళ్లి అయినప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు, తల్లిదండ్రుల్లో ఒకరు పోయినప్పుడు వీటన్నింటినీ మార్చుకోవాలి. ఒకచోట మార్చితే మిగతాచోట్ల దానంతటది మారదు.